ఆంకరేజ్ మీదుగా మా గుమ్మానికి

కిందటి ఆగస్టులో మా అమ్మాయి కాలేజీలో చేరే ముందు ఒక ల్యాప్‌టాప్ కొన్నాం. దుకాణంలో సిద్ధంగా ఉండే మోడల్ కాకుండా, మెమరీ, స్టోరేజీ కాస్త ఎక్కువ ఉండేలా ఎంచుకుని ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టాం. మేముండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. ఆ కంపెనీ దుకాణం మా ఇంటికి పావుగంట దూరంలోనే ఉంది కాబట్టి, పెట్టె ఏ టెక్సాస్ గోదాము నుంచో రెండు రోజుల్లో వచ్చేస్తుందని నేను ధీమాగా ఉన్నాను. వారం గడిచాక వచ్చిన ట్రాకింగ్ వివరాల్లో మొదటి వరుసలో షాంఘై అని కనిపించింది.

ఆ తర్వాత మూడు రోజులపాటు ఇంట్లో అందరికీ అదే కాలక్షేపం. పెట్టె మంగళవారం రాత్రి షాంఘైలో విమానమెక్కి దక్షిణ కొరియాలోని ఇంచియాన్‌లో దిగింది. బుధవారం ఉదయం 11 గంటలకు అక్కడ బయలుదేరి, అదే బుధవారం తెల్లవారుజామున 2 గంటలకు అలాస్కాలోని ఆంకరేజ్ చేరింది. అంటే బయలుదేరడానికి తొమ్మిది గంటల ముందే చేరిందన్నమాట! ట్రాకింగ్‌లో తప్పు పడిందేమోనని మొదట అనుకున్నాను గానీ, దారిలో అంతర్జాతీయ దినరేఖ దాటిందని మా అమ్మాయి గుర్తు చేసింది. కొరియాకూ అలాస్కాకూ వేసవిలో పదిహేడు గంటల తేడా ఉంటుంది, విమానానికి పట్టేది ఎనిమిది గంటలు. అక్కడి నుంచి కెంటకీలోని లూయివిల్, రాత్రికి రాత్రి డాలస్, గురువారం ఉదయానికి మా వీధి. ఇంతా చేసి, సంతకం పెట్టేవాళ్లు ఇంట్లో లేక తలుపుకు చీటీ అంటించి వెళ్లిపోయారు. పన్నెండు వేల కిలోమీటర్లకు పైగా వచ్చిన పెట్టె చివరి పది అడుగుల దగ్గర ఒక రోజు ఆగిపోయింది.

పావుగంట దూరంలో దుకాణం ఉండగా, ఒక్క ల్యాప్‌టాప్ కోసం ఇంత ప్రయాణం ఎందుకన్న ప్రశ్నకు మొదటి జవాబు ఆ యంత్రంలోనే ఉంది. ఒకప్పుడు కంప్యూటరులో ర్యామ్ పెంచాలంటే మూత తీసి, ఖాళీ గాడిలో ఒక పలక నొక్కితే సరిపోయేది. కోఠిలోనో అమీర్‌పేటలోనో ఏ దుకాణం కుర్రాడైనా పది నిమిషాల్లో చేసి ఇచ్చేవాడు. ఇప్పటి పలుచని ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి మెమరీని బోర్డు మీదే అతికేస్తున్నారు. అందువల్ల ఎంత మెమరీ కావాలన్నది బోర్డు తయారయ్యే చోటే తేలిపోవాలి తప్ప, అమ్మే చోట మార్చడానికి వీల్లేదు. మూడు నాలుగు రకాల మెమరీ, నాలుగైదు రకాల స్టోరేజీ, రెండు మూడు రంగులు కలిపితే ఒక్క మోడలే పాతిక నుంచి అరవై దాకా రూపాలెత్తుతుంది. వాటన్నిటినీ ప్రతి ఊళ్లోనూ పేర్చి పెట్టుకునే దుకాణదారు ఎవరూ ఉండరు. కాబట్టి ఎక్కువమంది కొనే రెండు మూడు రకాలను దుకాణాలకు పంపి, మిగతావాటిని ఆర్డరు వచ్చాకే తయారు చేసి, నేరుగా కొన్నవారి పేరు మీద పంపుతారు.

ఈ పద్ధతి చైనాలో పుట్టలేదు. దీని మూలాలు నేనుండే టెక్సాస్‌లోనే ఉన్నాయి. 1984లో ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న మైకేల్ డెల్ తన వసతి గది నుంచి కంప్యూటర్ల వ్యాపారం మొదలుపెట్టి, దుకాణాలతో పని లేకుండా, అడిగినవారికి అడిగినట్టు తయారు చేసి పంపడాన్నే వ్యాపార సూత్రంగా మార్చుకున్నాడు. అందులోని కిటుకు డబ్బు తిరిగే వరుసలో ఉంది. కొనేవాడు ముందే డబ్బు కడతాడు, విడిభాగాలు ఇచ్చినవారికి కంపెనీ కొన్ని వారాల తర్వాత చెల్లిస్తుంది. అంటే వ్యాపారానికి పెట్టుబడి పెడుతున్నది ఒక రకంగా కొనేవాడే. పైగా చిప్‌ల ధరలు వేగంగా పడిపోతూ వచ్చిన ఈ రంగంలో గోదాములో కూర్చున్న సరుకు ఎండలో పెట్టిన కూరగాయల వంటిది. ఆర్డరుకూ తయారీకీ మధ్య ఎంత తక్కువ కాలం గడిస్తే అంత లాభం. 1998లో ఆపిల్‌లో చేరి తర్వాత దాని అధిపతి అయిన టిమ్ కుక్ మొదట చేసిన పనుల్లో గోదాములను మూయించడం, నెలల తరబడి నిల్వ ఉండే సరుకును రోజుల లెక్కకు తేవడం ముఖ్యమైనవి. తయారీ క్రమంగా మలేషియాలోని పెనాంగ్‌కూ, చైనాలోని షెన్‌జెన్, షాంఘై, జెంగ్‌జౌ ప్రాంతాలకూ తరలిపోయాక సూత్రం అలాగే ఉండి, దూరం మాత్రం పెరిగింది.

దూరం పెరిగినా ఈ లెక్క ఎందుకు చెదరలేదంటే, బరువు తక్కువ, ధర ఎక్కువ ఉన్న వస్తువు కాబట్టి. బియ్యం బస్తాను విమానంలో పంపితే బియ్యం ఖరీదు కంటే కిరాయే ఎక్కువవుతుంది. రెండు కిలోల ల్యాప్‌టాప్ ధర రెండు వేల డాలర్లుంటే కిరాయి అందులో చిన్న భాగం. ఓడలో పంపితే నెల పైగా పడుతుంది, ఈలోపు పెట్టుబడి సముద్రం మీద తేలుతూ ఉంటుంది. అయితే విమానంలో అసలు కరువు చోటుకే. కొరియర్ సంస్థలు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, సాధారణంగా 5000తో భాగించి, వచ్చిన అంకెను అసలు బరువుతో పోల్చి, రెంటిలో ఏది ఎక్కువైతే దానికి కిరాయి లెక్కగడతాయి. నలభై, ముప్పై, పది సెంటీమీటర్ల పెట్టెలో ఒకటిన్నర కిలోల వస్తువున్నా రెండు కిలోల నాలుగు వందల గ్రాములకు చెల్లించాలి. పెట్టెలు ఏటికేడాది వస్తువుకు చర్మంలా అంటుకుపోతున్నది ఇందుకే. 2020లో ఐఫోన్ 12 పెట్టెలోంచి చార్జరు తీసేసినప్పుడు పర్యావరణం పేరు చెప్పిన ఆపిల్, ఆ చేత్తోనే ఒక ప్యాలెట్ (పెట్టెలు పేర్చే బల్ల) మీద 70 శాతం వరకు ఎక్కువ పెట్టెలు పడతాయని కూడా చెప్పింది. నాకు ఆ రెండో మాట మీదే నమ్మకం ఎక్కువ.

ఆంకరేజ్ సంగతి కూడా ఈ లెక్కలోనిదే. మూడు లక్షల జనాభా కూడా లేని ఆ ఊరు ప్రపంచంలో సరుకు రవాణా అత్యధికంగా జరిగే విమానాశ్రయాల్లో ఒకటి. బోయింగ్ 747-8 రకం కార్గో విమానం 130 టన్నులకు పైగా మోయగలదు గానీ, నిండా మోస్తే సుమారు ఎనిమిది వేల కిలోమీటర్లు మాత్రమే ఎగరగలదు. షాంఘై నుంచి లూయివిల్‌కు దాదాపు పన్నెండు వేల కిలోమీటర్లు. ఆగకుండా వెళ్లాలంటే ఇంధనం ఎక్కువ నింపి సరుకు తగ్గించుకోవాలి. మధ్యలో ఆగితే సరుకు నిండుగా వేసుకోవచ్చు. ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో సోవియట్ గగనతలం మూసి ఉన్నప్పుడు ప్రయాణికుల విమానాలు కూడా ఆంకరేజ్‌లోనే ఆగేవి. అది తెరుచుకున్నాక ప్రయాణికులు తప్పుకున్నారు, పెట్టెలు మిగిలాయి. కస్టమ్స్ తనిఖీ కూడా చాలావరకు అక్కడే ముగుస్తుంది. అందుకే మన పార్సెల్, మనమెప్పుడూ చూడని ఆ మంచు ఊళ్లో పొద్దున్నే రెండు గంటలకు ‘క్లియర్’ అవుతుంది.

మరో మాట. ఆ పెట్టె మీద ఎర్రని గీతల చట్రంలో యూఎన్ 3481 అన్న గుర్తు అంటించి ఉంటే, లోపల పరికరంలోనో, పరికరంతో పాటో లిథియం అయాన్ బ్యాటరీ ఉందని అర్థం. 2010 సెప్టెంబరు 3న దుబాయ్‌లో కొరియర్ సంస్థ యూపీఎస్ వారి 747 సరుకు విమానం మంటలంటుకుని కూలిపోయి ఇద్దరు పైలట్లూ మరణించారు. అందులో లిథియం బ్యాటరీలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. విడి లిథియం అయాన్ బ్యాటరీలను 2016 ఏప్రిల్ నుంచి ప్రయాణికుల విమానాల్లో సరుకుగా పంపకూడదనీ, సరుకు విమానాల్లో పంపినా చార్జి 30 శాతానికి మించకూడదనీ నియమం పెట్టారు. విడిగా పవర్‌బ్యాంకో, ఫోను బ్యాటరీయో తెప్పించుకుంటే నెలలు పట్టడానికీ, అదే బ్యాటరీ ఫోనులో ఉంటే నాలుగు రోజుల్లో రావడానికీ తేడా ఇక్కడే ఉంది.

ఇదంతా పెద్ద కంపెనీ వ్యవహారం. సుంకమైనా, కస్టమ్స్ కాగితాలైనా ఆ కంపెనీయే చూసుకుంటుంది, కొన్నవాడికి తెలియకుండానే అయిపోతుంది. చిన్న అమ్మకందారు దగ్గరే కథ మారుతుంది. 2010ల్లో ఒకటిన్నర డాలరుకు కేబులు కొంటే చైనా నుంచి ఉచితంగా ఇంటికొచ్చేది. పక్క రాష్ట్రానికి నేను చిన్న పార్సెల్ పంపినా అంతకంటే ఎక్కువయ్యేది. ఇందులో మాయ ఏమీ లేదు. 1874లో ఏర్పడిన విశ్వ తపాలా సమితి నియమాల ప్రకారం, వచ్చిన ఉత్తరాలను బట్వాడా చేసినందుకు ఒక దేశం మరో దేశానికి చెల్లించే రుసుము వర్ధమాన దేశాలకు తక్కువగా ఉండేది. ఉత్తరాల కాలంలో అది న్యాయమే. ఉత్తరాల స్థానంలో చిన్న పార్సెళ్లు వచ్చాక, చైనా నుంచి వచ్చే ప్రతి కేబులుకూ అమెరికా తపాలా శాఖ చేతిచమురు వదిలింది. అమెరికా సమితి నుంచి తప్పుకుంటానని 2018లో నోటీసు ఇవ్వడం, 2019 సెప్టెంబరులో జెనీవాలో రాజీ కుదరడం, 2020 జులై నుంచి తన రేట్లు తానే నిర్ణయించుకోవడం ఆ గొడవ ముగింపు.

చవక పార్సెళ్లు వచ్చిన మొదటి తలుపు తపాలాది, రెండో తలుపు సుంకానిది. 800 డాలర్ల లోపు సరుకుకు సుంకం లేకుండా రానిచ్చే వెసులుబాటు అమెరికాలో 2016 నుంచి ఉండేది. అంతకు ముందు ఆ పరిమితి 200 డాలర్లే. 2025 మే 2న చైనా, హాంకాంగ్ సరుకుకూ, ఆగస్టు 29న అన్ని దేశాల సరుకుకూ దాన్ని ఎత్తేశారు. ఆ సంగతి పేపర్లో చదివి కూడా నాకు కాదులే అనుకుని, ఆ అక్టోబరులో 34 డాలర్లకు ఒక చిన్న ఆడియో బోర్డు తెప్పించుకున్నాను. సుంకం కొంత, దాన్ని ముందుగా తాము కట్టినందుకు రుసుము కొంత, కాగితాల పనికి మరికొంత కలిపి కొరియర్ వారు పంపిన బిల్లు 41 డాలర్లు. బోర్డు మీద తయారైన దేశం పేరు లేదని ఫోన్లో రెండుసార్లు అడిగించుకున్నాను. అమ్మినతన్ని అడిగితే మర్యాదగానే జవాబిచ్చాడు: మీ దేశంలో దిగుమతిదారు మీరే కదా అని. నిజమే. మధ్యలో దుకాణదారు లేడని సంతోషించాను గానీ, ఇన్నాళ్లూ అతను చేసిన పనులు ఎక్కడికీ పోలేదు. సరుకు వర్గీకరణ, సుంకం, పాడైతే తిరిగి పంపడం, వారంటీ, అన్నీ నా నెత్తిన పడ్డాయి.

ఇండియాలో ఉన్నవారికి ఈ సంగతి మాకంటే ముందే తెలుసు. 5,000 రూపాయల లోపు కానుకలకు సుంకం లేదన్న వెసులుబాటును వాడుకుని, కొనుగోళ్లన్నీ ‘గిఫ్ట్’ అని రాసుకుని వచ్చేవి. 2019 డిసెంబరులో ప్రభుత్వం దాన్ని మూసేసింది. ప్రాణరక్షక మందులనూ రాఖీలనూ మాత్రం మినహాయించింది. ఏ అధికారి మనసులో పుట్టిందో గానీ, ఆ రాఖీ మినహాయింపు నాకు భలే నచ్చింది. 2020 నవంబరు 24న చైనా ఆన్‌లైన్ దుకాణం అలీఎక్స్‌ప్రెస్ యాప్‌ను కూడా నిషేధించారు. హైదరాబాదులో ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడు మాత్రం ఇప్పటికీ తన ప్రాజెక్టుకు సర్క్యూట్ బోర్డులు షెన్‌జెన్ నుంచే తెప్పిస్తాడు. డిజైను ఫైలు రాత్రి పంపితే రెండు రోజుల్లో ఐదు బోర్డులు తయారైపోతాయట, వాటి ఖరీదు కంటే కొరియరు, సుంకం ఎక్కువట. “మామయ్యా, మీ రోజుల్లో ఎలా చేసేవారు?” అని అడిగాడు. కోఠి గుజరాతీ గల్లీలో రెండు రూపాయల ఐసీ (చిప్) కోసం నాలుగు దుకాణాలు తిరిగి, రాగి పలకను ఫెర్రిక్ క్లోరైడులో ముంచి వేళ్లన్నీ పసుపు చేసుకునేవాళ్లమని చెప్పాను. ఐసీ పని చేయకపోతే మర్నాడు వెళ్లి మార్చుకునేవాళ్లం. ఆ సౌకర్యం షెన్‌జెన్‌లో లేదు.

అయితే దారులు ఎప్పుడూ ఒకవైపే సాగవు. 2015 ఆగస్టులో చైనా కంపెనీ షామీ తన మొదటి భారతీయ తయారీ ఫోనును విశాఖపట్నంలో ఆవిష్కరించింది. అది తయారైంది శ్రీసిటీలో, ఇతర కంపెనీలకు పరికరాలు తయారు చేసిపెట్టే ఫాక్స్‌కాన్ కర్మాగారంలో. 2025 మేలో టిమ్ కుక్, ఆ త్రైమాసికంలో అమెరికాలో అమ్ముడయ్యే ఐఫోన్లలో అధిక భాగం భారతదేశంలో తయారైనవే అవుతాయని ప్రకటించాడు. చెన్నై నుంచి ప్రత్యేక విమానాల్లో ఫోన్లు అమెరికాకు వచ్చాయి. హైదరాబాదు శివార్లలోని కొంగర కలాన్‌లో 2023 మేలో శంకుస్థాపన జరిగిన ఫాక్స్‌కాన్ కర్మాగారంలో ఎయిర్‌పాడ్స్ తయారవుతున్నాయి.

మా నాన్నగారు ఉండేది వనస్థలిపురంలో. కొంగర కలాన్ ఆయనకు స్కూటరు మీద వెళ్లివచ్చేంత దూరం. ఈ వార్త విన్నప్పటి నుంచి ఫోను చేసినప్పుడల్లా, “మన పక్క ఊళ్లో చేసినది నువ్వు అక్కడ కొనుక్కుంటున్నావట్రా” అంటున్నారు. మొన్న మా అమ్మాయికి ఎయిర్‌పాడ్స్ వస్తే, వీడియో కాల్‌లో ఆయనకు చూపించాలని పెట్టె తిప్పి అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదివాను. వియత్నాం అని ఉంది.