మౌస్‌ని బొమ్మ మీద పెట్టండి

వెబ్‌పేజీల్లో కదిలే బొమ్మలూ ఆటలూ ఆడించే ఫ్లాష్ ప్లేయర్‌లో 2021 జనవరి 12 నుంచి ఏదీ తెరుచుకోకుండా దాని కంపెనీ అడోబీ ఆపేసింది. మర్నాడే భోగి. పొద్దున్నే పాత కుర్చీ ఒకటి మంటలో వేస్తూ, "నా పదేళ్ల పని నిన్ననే మంటల్లో పడిందమ్మా" అన్నాను. "పండగపూట ఏం మాటల్రా, వెళ్లి తలంటు పోసుకో" అంది అమ్మ.

అమీర్‌పేటలో ఫ్లాష్ నేర్చుకుని ఈ పనిలోకి వచ్చాను. కంపెనీలకు ఆన్‌లైన్ ట్రైనింగ్ కోర్సులు తయారుచేస్తాం. ఫ్లాష్ కథ 2020 ఆఖరుతో ముగుస్తుందని అడోబీ 2017 జూలైలోనే చెప్పింది. మా క్లయింటుకి మెలకువ వచ్చింది మాత్రం 2020 ఆగస్టులో. ఫ్యాక్టరీ కార్మికులకు తెలుగులో ఫైర్ సేఫ్టీ కోర్సు, 42 స్క్రీన్లు. డిసెంబరుకల్లా, బ్రౌజర్ నేరుగా ఆడించే హెచ్‌టీఎంఎల్5లోకి మార్చాలి.

సోర్స్ ఫైళ్లు అడిగితే ఒక సీడీ పంపారు. అందులో ఉన్నవన్నీ ఎస్‌డబ్ల్యూఎఫ్‌లే, అంటే తయారైపోయిన ఫైళ్లు; మార్చడానికి వీలైన ఎఫ్‌ఎల్‌ఏ ఒక్కటి కూడా లేదు. అంటే అన్నం ఉంది, బియ్యం లేవు. డీకంపైలర్‌తో విప్పితే బొమ్మలొచ్చాయి, ఆడియో వచ్చింది, అక్షరాలు రాలేదు. అప్పట్లో ఫ్లాష్‌లో తెలుగు టైప్ చేస్తే వత్తులు ఎక్కడివక్కడ విడిపోయేవి. అందుకని 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలో కొట్టి, కంట్రోల్ బి రెండుసార్లు నొక్కి, అక్షరాలను ఉత్త గీతలుగా మార్చేసేవాళ్లం. ఆ కోర్సు చేసినవాణ్ణి తిట్టుకోబోయి ఆగిపోయాను. నేనూ ఎన్ని వందలసార్లు నొక్కానో. 42 స్క్రీన్లూ చూస్తూ యూనికోడ్‌లో మళ్లీ కొట్టాను.

ఫ్లాష్ కోడ్ యాక్షన్‌స్క్రిప్ట్‌ని బ్రౌజర్ కోడ్ జావాస్క్రిప్ట్‌లో మళ్లీ రాయడం విసుగే కానీ, తెలిసిన విసుగు. మా మేనేజరైతే "స్క్రీన్ రికార్డింగ్ చేసి వీడియోగా పడేద్దాం" అన్నారు. ఉత్తగా చూసే స్క్రీన్లు తొమ్మిదింటికి అలాగే చేశాం, తప్పేం లేదు. ఏ మంటని ఏ సిలిండర్‌తో ఆర్పాలో జరిపి పెట్టే ఆటని కూడా వీడియో చేద్దామంటే మాత్రం నేను ఒప్పుకోలేదు. కరెంటు మంట మీద నీళ్లు పొయ్యకూడదని ఒకసారి తప్పు చేసి తెలుసుకునే చోటు అదొక్కటే.

అసలు చిక్కు 17వ స్క్రీన్‌లో వచ్చింది. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ బొమ్మ. పక్కన ఒక అమ్మాయి గొంతు: "మౌస్‌ని బొమ్మ మీద పెట్టండి." పెడితే పిన్ను, లివరు, హోస్ పేర్లు కనిపిస్తాయి. ఇప్పుడు కార్మికులు చూసేది ఫోన్‌లో. ఫోన్‌లో మౌస్ ఎక్కడిది? నొక్కితే పేర్లు వచ్చేలా కోడ్ మార్చడం పది నిమిషాల పని. ఆ వాక్యాన్ని ఏం చెయ్యాలి? ఆ గొంతు ఎవరిదో క్లయింటుకీ తెలీదు. ఆ ఒక్క వాక్యం కొత్తగా రికార్డు చేయిస్తే, అటూ ఇటూ పాత ఆడియో సన్నటి బుస మధ్య అదొక్కటే అద్దంలా వినబడుతుంది.

రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని 42 స్క్రీన్లూ విన్నాను. 23వ దాంట్లో దొరికింది: "రింగులో వేలు పెట్టి పిన్ను లాగండి." అందులోంచి "వేలు" ఒక్కటీ కోసి, "మౌస్‌ని" తీసేసి, ఆ ఖాళీలో పెట్టాను. "వేలు బొమ్మ మీద పెట్టండి." అదే అమ్మాయి, అదే బుస. నిద్రపోతున్న మా ఆవిణ్ణి లేపి మరీ వినిపించాను. నాలుగు తిట్లు పడ్డాయి.

తర్వాత చిన్నా చితకా చాలా వచ్చాయి. మనం ఏదో ఒకటి నొక్కనిదే క్రోమ్ ఆడియో మొదలుపెట్టనివ్వదు, అందుకని ముందు "మొదలుపెట్టు" బటన్ పెట్టాం. ఎవరు కోర్సు ఎంతవరకు చూశారో లెక్క రాసుకునే క్లయింటు సాఫ్ట్‌వేర్ (ఎల్‌ఎంఎస్) స్కార్మ్ 1.2 అనే పాత ప్రమాణం కాలంది. ఎక్కడ ఆపారో గుర్తుపెట్టుకోవడానికి 4,096 అక్షరాల చోటే ఇస్తుంది. మేం ఆట జవాబులన్నీ పూర్తి వాక్యాలుగా అందులో కుక్కేసరికి, సగంలో ఆపినవాళ్లు మళ్లీ మొదటి స్క్రీన్‌కి వచ్చి పడ్డారు. వాక్యాలు తీసేసి ఒకట్లూ సున్నాలూ పెడితే సర్దుకుంది.

డిసెంబరు మూడో వారంలో కోర్సు ఎక్కించాం. రెండ్రోజుల తర్వాత ప్లాంటు సేఫ్టీ ఆఫీసరు గారు ఫోన్ చేశారు. "అంతా బాగుందండీ. పదిహేడో దాంట్లో ఆ అమ్మాయి 'వేలు' అన్నప్పుడు మాత్రం కాస్త కసిరినట్టుంది."

మూడు డెసిబెల్స్ తగ్గించి మళ్లీ పంపాను.