ఆడోళ్ళకి టికెట్టు లేదు

బుధవారం, రాత్రి తొమ్మిదిన్నర.

కత్తిరి ఎండలు ఇంకా పోలేదు. మే 28వ తేదీ దాకా ఇదే వాయింపు. మేడ మీద ట్యాంకు పగలంతా ఉడికింది, ఇప్పుడు కొళాయి తిప్పినా చెయ్యి పెట్టలేకుండా ఉండాయి నీళ్ళు. ఇంత ఎండలోనూ ఈ పొద్దు మా సంఘమోళ్ళం చంద్రగిరి కోటకి పొయ్యొచ్చినాం. ఎవురికీ ఏమీ కాలేదు. మా సెక్రటరీ సారు దారి పొడుగునా ఆ మాటే చెప్పుకుంటా వచ్చినాడు, ఎవురికన్నా ఏదన్నా అయ్యుంటే బాగుండేదనే మాదిరి.

మా వయోవృద్ధుల సంఘం గొప్పదేం కాదు. రెండు రూములు, ఒక వసారా, నాలుగు పేపర్లు, గోకుడుపడిన క్యారమ్ బోర్డు, ఒక బీపీ మిషను. ఎండాకాలం వస్తానే కమిటీ వాళ్ళు ఒక పట్టీ రాసి గోడకి అంటిస్తారు. దాంట్లో ఏముంటాదో చదవకుండానే చెప్పొచ్చు. తెల్లారి యోగా, పదింటికి మజ్జిగ, సాయంత్రం భజన కాకుంటే ఉపన్యాసం, మధ్యలో షుగరు పరీక్ష, ఆఖర్న వ్యాను మాట్లాడుకొని కాణిపాకమో శ్రీకాళహస్తో. వయసైన మనిషికి దేవుడు, డాక్టరు తప్ప మూడోది అక్కర్లేదని ఎవురు తేల్చినారో నాకు తెలీదు. దేవుణ్ణి చూసేదానికి తిరపతోళ్ళు వ్యాను కట్టించుకొని పోవాల్నా? వాకిట్లో నిలబడితే ఏడుకొండలు కనిపిస్తాయి.

ఈ యేడు ఆ పట్టీని ఆడోళ్ళు చించేసినారు. నిజంగా చించలేదులే, చించినంత పని చేసినారు. దీనికంతా కారణం పోయినేడు ఆగస్టు 15న వచ్చిన ఫ్రీ బస్సు. నేను మంగళం డిపోలో కండక్టరుగా చేసి దిగినోణ్ణి, టికెట్ల సంగతి నన్ను కాకుండా ఇంకెవుర్నడుగుతారు? పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఈ అయిదు రకాల బస్సుల్లో ఆడోళ్ళు ఆధార్ కార్డు చూపిస్తే సున్నా రూపాయల టికెట్టు కొట్టిస్తారు. అరవై నిండిన మగోడికి 25 శాతం తగ్గిస్తారు, అంతే. అయిదేండ్ల నుంచి పన్నెండేండ్ల పిలకాయలకి అర టికెట్టు. అంటే మా ఇంట్లో పూర్తిగా ఫ్రీ నా భార్య, అర టికెట్టు నా మనవడు, ముక్కాలు టికెట్టు నేను.

ముందంతా వ్యానుకి తలా ఇంత చందా వేసుకునేవాళ్ళం. ఆ చందా ఆడోళ్ళు కొడుకునో మొగుణ్ణో అడిగి తేవాల. గుడికంటే ఎవురూ కాదనరు, పుణ్యం ఇంటికి కూడా వస్తాది కదా. కోట చూసొస్తానంటే, 'ఈ వయసులో నీకు కోటెందుకమ్మా' అంటారు. డబ్బులిచ్చేవాడే యాడికి పోవాలో చెప్పేవాడు. ఇప్పుడు అడిగే పనే లేదు. మా సంఘంలో పూలకొట్టక్క అని ఒకామె ఉండాది. గోవిందరాజస్వామి గుడి దగ్గర ముప్పై నలభై ఏండ్లు పూలు కట్టింది. మీటింగులో సెక్రటరీ సారు కాణిపాకం అని నోరు తెరిచినాడో లేదో ఆయమ్మ లేచి, "సార్, నా చేత్తో కట్టిన మాలలు దేవుడి మెళ్ళో ఎన్ని పన్నాయో లెక్కలేదు. ఆయనకి నేనెవురో తెలుసు. నేను పుట్టింది ఈ ఊర్లోనే, చంద్రగిరి కోట లోపల ఎట్లుంటాదో నాకు తెలీదు" అనేసింది. ఇంగ ఒకరెనకాల ఒకరు. సారు మొగం చూడాల ఆ పొద్దు.

నిజానికి పోయిన వారమే పోవాల్సింది. మధ్యలో గంగమ్మ జాతర వచ్చిపడింది. చాటింపు అయినాక జాతర ముగిసేదాకా ఊరి పొలిమేర దాటగూడదు. చదువుకున్నోళ్ళు కొందరు ఇది నమ్మకపోవచ్చు, మాలో మటుకు దాటినోడు లేడు. ఆ వారమంతా సంఘంలో పేపరు చదివినోడు లేడు, వేషాల కతలే. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం. పోస్టుమాస్టరన్న వయసులో ఉండేటప్పుడు మొక్కుబడికి చీర కట్టినాడంట. ఆ ఫొటో తెచ్చి చూపించినాడు. కాటుకా, జడా, పూలూ, చూస్తే మతిపోయింది నాకు. ఆయన భార్య పక్కనుంచి, "ఆ చీర నాదే, ఇంతవరకూ తిరిగియ్యలేదు" అనింది.

జాతర అయిపొయ్యింది, అధికమాసం వచ్చింది. పెండ్లిండ్లు లేవు, గృహప్రవేశాలు లేవు, అందరూ ఖాళీ. సెక్రటరీ సారు శుక్రవారం పెట్టినాడు. కోట లోపల రాజమహల్లో ఉండే మ్యూజియం శుక్రవారం మూసేస్తారు. ఈ ముక్క నాకు ముందే తెలుసు. చంద్రగిరి ట్రిప్పుల్లో శుక్రవారం దిగి ఉసూరుమంటా తిరిగి ఎక్కినోళ్ళని ఎందరినో చూసినా. కాబట్టి బుధవారానికి మార్చినాం.

పొద్దన్నే పల్లెవెలుగు ఎక్కినాం. మాది పన్నెండు మంది, ఎనిమిది మంది ఆడోళ్ళు, నలుగురు మగోళ్ళు. కండక్టరు పాప చిన్నపిల్ల, నా మనవరాలి ఈడు. ఆధార్ కార్డులు చూడడం, మిషను నొక్కడం, చీటీలు చింపడం, బలే చురుగ్గా చేస్తావుండాది. నా కాలంలో చేతిలో టికెట్ల ట్రే, వేళ్ళ సందున నోట్లు, చిల్లర సంచి, పంచింగు. స్టేజీ స్టేజీకి వేబిల్లు రాసుకోవాల, చెకింగోళ్ళు ఎక్కితే గుండె జారేది. ఆ పాప మా ఆడోళ్ళందరికీ సున్నా టికెట్లిచ్చి, మా దగ్గరికొచ్చి, "తాతా, మీరు నలుగురేనా డబ్బులిచ్చేది?" అనింది. బస్సంతా నవ్వినారు. నేను డిపోలో చేసినానని చెప్పినాక మటుకు కూచోమని ముందు సీటు చూపించింది. నేను కూచోలేదు. అలవాటు, బస్సు కదిలితే నాకు నిలబడాలనే ఉంటాది. తలలు కూడా లెక్కపెట్టినా, నోట్లోనే.

15 కిలోమీటర్ల దారి. ఈ దారిలో నేను తిరిగిన ట్రిప్పులకి లెక్కుంటే ఆ భగవంతుడి దగ్గరే ఉండాల. బస్టాండులో దింపడం, ఎక్కించుకోవడం, రైట్ రైట్. కోట గోడ దూరం నుంచి కనిపించేది. లోపలికి పొయ్యేదానికి తీరిక యాడిది? డ్యూటీ దిగినాక ఎవుడైనా తిరిగిన దారే మళ్ళీ తిరుగుతాడా?

బస్టాండు నుంచి ఆటోలు మాట్లాడుకున్నాం. గేటు దగ్గర టికెట్లు. ఇక్కడ ఆడా మగా తేడా లేదు, వయసు తగ్గింపూ లేదు, పదిహేనేండ్ల లోపు పిలకాయలకి మటుకు ఫ్రీ. పూలకొట్టక్క కౌంటరు దగ్గర ఆధార్ తీసింది పాపం. కేంద్ర పురావస్తు శాఖోళ్ళది ఇది, రాష్ట్రం బస్సు కాదక్కా అని చెప్తే, "అయితే రాసుకో, దీనికి కూడా పెట్టమని అడగాల" అనింది.

రాజమహల్ మూడంతస్తులు. ఇటుక, రాయి, సున్నం, ఇంతే. కట్టె అనేది వాడలేదంటారు. తలుపు దాటి లోపలికి కాలు పెడితే ఒక్కసారిగా చల్లబడిపోయింది ఒళ్ళు. గోడలు ఎంత మందమో కిటికీల దగ్గర నిలబడితే తెలుస్తాది. ఆ కమానులు, ఆ పైకప్పు ఎత్తు చూసి నాకు మా కాంక్రీటు మేడ గుర్తొచ్చి కోపమొచ్చింది. మూడు లక్షలు పోసి ఏసీ పెట్టించుకున్నోళ్ళు ఒకసారి ఇక్కడికొచ్చి చెయ్యి పెట్టి చూడాల ఈ గోడ మీద.

మాలో ఒక రిటైర్డు సోషలు టీచరమ్మ ఉండాది. ఆయమ్మ వాగ్ధాటి ఆపేదానికి ఎవురి తరమూ కాదు. విజయనగర రాజులు 1565లో తళ్ళికోట దగ్గర ఓడిపొయ్యినాక పెనుకొండకి పొయ్యినారు, ఆపైన చంద్రగిరికి వచ్చినారు. 1639లో దామర్ల వెంకటాద్రి నాయకుడు ఇంగిలీషోళ్ళకి సముద్రపొడ్డున ఒక ఇసకదిబ్బ రాసిచ్చినాడు, అదే మద్రాసు. ఆ నాయకుడి పైన ఏలుబడి చంద్రగిరి రాయలది. అంటే ఈ కోట పెత్తనం కిందనే మద్రాసు పుట్టిందన్న మాట. పూలకొట్టక్క అంతా విని, "ఎంతకిచ్చినారంట?" అని అడిగింది. టీచరమ్మ దగ్గర దానికి జవాబు లేదు.

మెట్లు ఎక్కలేనోళ్ళు కింద శిల్పాల దగ్గరే ఉండిపొయ్యినారు. నా మోకాలు మొదటి అంతస్తు దాకా ఒప్పుకునింది, ఆ పైన ఒప్పుకోలేదు.

పదకొండుకంతా బయట చెట్టు కింద దుప్పట్లు పరిచినాం. ఇంగ అసలు కార్యక్రమం అక్కడే. మా సంఘంలోని రిటైర్డు నర్సుని అందరమూ సిస్టరమ్మ అంటాం. ఆయమ్మది ఒకటే పాట: వయసైనోళ్ళకి ఒంట్లో నీళ్ళు తగ్గినా దప్పిక తెలీదు, బీపీ మాత్రల్లో ఒంటేలుకి పోయించేవి కొన్ని ఉంటాయి, వాటిని మింగేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాల. లీటరు నీళ్ళకి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా నిండుగా కాదు, అంచుకి సమంగా. షుగరుండేవాళ్ళకి మజ్జిగ, ఉప్పేసి. అరగంటకొకసారి గ్లాసు మీద చెంచాతో టంగుమని కొడతాది, తాగాల. దప్పిక లేదంటే ఊరుకోదు. మా ఆవిడ పెరుగన్నం తెచ్చింది, పెరుగుతో కాదు, పాలతో కలిపి చెంచాడు తోడేసి. పదకొండున్నరకి సరిగ్గా తోడుకొని కమ్మగా ఉండాది. ముందే పెరుగు పోసి తెచ్చినామె డబ్బా తెరిస్తే పులిసిపొయ్యి మూతి ముడుచుకోవాల్సి వచ్చింది. పక్కనే మామిడికాయ ముక్కలు, నుంగులు (తాటిముంజలు), ఎవురో తెచ్చిన చింతపండు చిత్రాన్నం.

తిన్నాక పూలకొట్టక్క తన సంచిలోంచి ఒక గుడ్డ తీసింది. పాత దుప్పటి ముక్క మీద ఎర్రదారంతో కుట్టిన పులిజూదం పటం! గీతలు తిన్నగా, సందులు సమంగా, పూలు కట్టే చెయ్యి కదా. పులులకి మూడు చింతపిక్కలు, మేకలకి పదిహేను అలసందలు. సెక్రటరీ సారు పులులు తీసుకున్నాడు, ఎట్లా తీసుకుంటాడులే. ఆయమ్మ మేకలు.

ఈ ఆట తెలియనోళ్ళు పులి గొప్పదనుకుంటారు. పులి దూకి తింటాది, మేక దూకలేదు, నిజమే. అయితే మేక దిగేటప్పుడు ఎనకాల గడి ఖాళీ లేకుండా దిగితే దూకేదానికి చోటే ఉండదు. పదిహేను మేకలూ దిగేదాకా ఒక్కటీ కదపగూడదు, ఆ ఓపికే ఉండాల. సారు మొదట్లోనే రెండు మేకలు తినేసి చంకలు గుద్దుకున్నాడు. అక్క మాట్లాడదు. అంచుల నుంచి ఒక్కొక్కటే దించుకుంటా వచ్చింది. ఒక పులి పై మొనలో ఇరుక్కునింది. సారు ఆలోచించేది జాస్తయింది. పోస్టుమాస్టరన్న, "సార్, ఎడమ పక్క" అని ఉప్పందించబొయ్యినాడు, అన్న భార్య మోచేత్తో పొడిచింది. రెండో పులీ ఆగిపొయ్యింది. మూడోదానికి ఒకటే దారి ఉండాది, దాంట్లోకి పదమూడో మేక వచ్చి కూచునింది. అక్కకి ఒక్క మాటా లేదు, అలసంద పెట్టి, చెయ్యి తుడుచుకొని, "సిస్టరమ్మా, టైమయింది, చెంచా కొట్టు" అనింది.

సారు మళ్ళీ ఆడదామన్నాడు. మళ్ళీ ఓడినాడు. మూడోసారి మేకలు తీసుకొని కూడా ఓడినాడు.

కోట కాపలా అబ్బోడు ఒకడు మమ్మల్ని తరిమేదానికి వచ్చినట్టుంది, చూసి నిలబడిపొయ్యినాడు. తర్వాత పులి పక్షాన వాడే సలహాలు ఇచ్చేదానికి కూచున్నాడు.

ఎండ తిరిగినాక బయలుదేరినాం. తిరుగు బస్సులో ఎవురూ మాట్లాడలేదు, అందరూ కునికినారు. సీట్లు కూడా కాలతావుండాయి. మా మగోళ్ళం నలుగురం మాత్రం టికెట్లకి చిల్లర లేక తలా ఒక పక్క వెతుక్కున్నాం. ఆడోళ్ళు కండ్లు మూసుకొనే ఆధార్ కార్డులు పైకెత్తి పట్టుకున్నారు.

సాయంత్రం సంఘంలో వచ్చే నెల సంగతి వచ్చింది. టీచరమ్మ గుడిమల్లం అనింది, ఆ పరశురామేశ్వరుడి లింగం చానా పాతదంట, రాతి మీద నిలబడిన మనిషి రూపం ఉంటాదంట. సెక్రటరీ సారు, "మళ్ళీ గుడేనా?" అని ఎకసెక్కం చేసినాడు. పూలకొట్టక్క, "నువ్వు చెప్తే గుడి, మేము చెప్తే చరిత్ర" అనేసింది. పాపానాయుడుపేట దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. పట్టీలో నన్నే రాయమన్నారు. తేదీ రాసినా, శుక్రవారం కాకుండా చూసుకొని. కింద, 'మహిళలు ఆధార్ తెచ్చుకోవాలి, పురుషులు సరిపడా చిల్లర తెచ్చుకోవాలి' అని కూడా చేర్చినా. సెక్రటరీ సారు సంతకం పెట్టలేదింకా.