మేడారంలో మూడు రాత్రులు, పదమూడు కిలోల జనరేటర్

రెండేళ్లకోసారి సమ్మక్క-సారలమ్మ జాతరకు మేడారం పోవడం మా ఇంటి మొక్కు. ఆత్మకూరు పక్కన ఉన్న మా ఊరి నుంచి ట్రాక్టర్‌కు ట్రాలీ తగిలించి, మీద వెదురు బొంగులు వంచి టార్పాలిన్ కప్పుతాం. కింద వరిగడ్డి, దాని మీద జంపఖానాలు పరిస్తే అదే మూడు రాత్రుల ఇల్లు. ఒక మూలన బియ్యం సంచి, గిన్నెలు, ఇంకో మూలన అమ్మవార్లకు ఇచ్చే బంగారం. మేడారంలో బెల్లాన్నే బంగారం అంటారు.

2022 ఫిబ్రవరి జాతరలో ఆ ఇంట్లో వెలుతురు కోసం ట్రాక్టర్ బ్యాటరీకే వైర్లు కలిపాం. రెండు బల్బులు, నాలుగు ఫోన్లు, అంతే. రెండో రోజు తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోయింది. ఇంకో ట్రాక్టర్‌తో లాగించుకుని స్టార్ట్ చేసుకోవాల్సి వచ్చింది. దానికంటే ఎక్కువ బాధపెట్టింది అమ్మ సంగతి. అమ్మకు ఆస్తమా. జాతర దుమ్ముకు రాత్రి ఆయాసం వస్తే, పక్క గుడారం వాళ్లను అడిగి వాళ్ల జనరేటర్‌కు నెబ్యులైజర్ (మందును సన్నని తుంపరగా పీల్పించే మెషీన్) పెట్టాం. వాళ్ల లైట్లు ఒకసారి భగ్గున వెలుగుతూ, ఒకసారి గుడ్డిగా అవుతూ ఉన్నాయి. అయినా ఆ కంగారులో నేను ఆలోచించలేదు. రెండు నిమిషాలకు నెబ్యులైజర్ నుంచి కాలిన వాసన వచ్చింది. అర్ధరాత్రి ఆ జనంలోంచి అమ్మను పట్టుకుని మెడికల్ క్యాంపు దాకా నడిపించాం. అక్కడివాళ్లు వెంటనే చూశారు, గండం గడిచింది. ఆ నడక మాత్రం నా మనసులోంచి పోలేదు.

అందుకే 2024 జాతరకు నెల ముందే జనరేటర్ పని మొదలుపెట్టాను. జాతర ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు.

మా బాబాయి కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. వాళ్లు కారు వెనక ట్రైలర్ కట్టుకుని అడవుల్లోకి క్యాంపింగ్‌కు పోతారు. ఆ ట్రైలర్‌లో ఏసీ, ఫ్రిజ్, మైక్రోవేవ్ అన్నీ ఉంటాయట. ఏసీ స్టార్ట్ అయ్యేటప్పుడు ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది కాబట్టి, అక్కడ చాలామంది రెండు వేల వాట్ల చిన్న జనరేటర్లు రెండు కొని జత కలిపి నడుపుతారని చెప్పాడు. అమెరికా నేషనల్ పార్కుల్లో యాభై అడుగుల దూరంలో 60 డెసిబెల్స్ దాటి చప్పుడు చేయకూడదని రూలే ఉందన్నాడు. "అన్నా, నేను వచ్చేటప్పుడు ఇక్కడి నుంచే ఒకటి తెస్తా" అన్నాడు కానీ నేనే వద్దన్నాను. అక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మన సామాన్లన్నీ 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌కు చేసినవి. పైగా విమానంలో జనరేటర్ తేవడం మామూలు పని కాదు.

నాన్నది వేరే లెక్క. ట్రాక్టర్‌కు ఎలాగూ డీజిల్ పోస్తాం కదా, డీజిల్ జనరేటరే తీసుకుంటే ఒకే ఇంధనంతో పోతుంది అన్నాడు. మాట సబబే. కానీ చిన్న డీజిల్ సెట్టు కూడా ఇద్దరు ముగ్గురు పట్టుకుంటే గాని లేవదు. చప్పుడూ, కుదుపూ ఎక్కువ. ట్రాక్టర్ పీటీఓకు (ఇంజిన్ శక్తితో వెనక తిరిగే ఇరుసుకు) కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ తగిలించే పద్ధతి కూడా ఉంది. పొలం దగ్గర మోటార్లకు అది మంచిదే. నాలుగు బల్బుల కోసం రాత్రంతా అంత పెద్ద ఇంజిన్ తిప్పడం నాకు అన్యాయం అనిపించింది.

వరంగల్ స్టేషన్ రోడ్డు వైపు ఒక షాపుకు పోతే, అక్కడ పెద్దాయన ధర చెప్పకముందే ఒక కాగితం ఇచ్చాడు. "మీరు ఏమేం నడపాలెనో రాయుండ్రి. మిషన్ తర్వాత చూద్దాం" అన్నాడు. అంత మంచి సలహా ఇంకెవరూ ఇవ్వలేదు. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బులు నాలుగు, టేబుల్ ఫ్యాన్ ఒకటి, ఎనిమిది ఫోన్లు, నెబ్యులైజర్. అన్నీ ఒకేసారి నడిచినా నాలుగు వందల వాట్లకు మించలేదు. అప్పుడు మా బావ "మిక్సీ కూడా రాయి, టీకి కరెంటు కెటిల్ కూడా" అన్నాడు. కెటిల్ ఒక్కటే 1500 వాట్లు. మిక్సీ 750 వాట్లు, దానికి తోడు మోటారు తిరగడం మొదలైనప్పుడు మామూలు కంటే రెండు మూడు రెట్లు లాగుతుంది. ఆ రెండింటి కోసం మెషీన్ మూడింతలు పెద్దదవుతోంది. కట్టెల పొయ్యి ఉంది, మసాలా ఇంట్లోనే నూరుకుపోతాం అని రెండూ కొట్టేశాను. బావ రెండు రోజులు ముభావంగా ఉన్నాడు.

పెద్దాయన రెండు మెషీన్లు బయట పెట్టి స్టార్ట్ చేసి చూపించాడు. మొదటిది పెళ్లి బారాత్‌ల్లో లైట్ల వెంట తీసుకుపోయే మామూలు రకం. అందులో ఇంజిన్ నిమిషానికి 3000 సార్లు తిరిగితేనే 50 హెర్ట్జ్ కరెంటు వస్తుంది. ఒక్క బల్బు పెట్టినా, పది పెట్టినా అదే వేగం, అదే మోత. ఇంజిన్ వేగం తడబడితే వోల్టేజీ కూడా తడబడుతుంది. 2022లో మా నెబ్యులైజర్‌ను కాల్చింది ఇలాంటి తడబాటే. రెండోది ఇన్వర్టర్ రకం. ఇందులో ఇంజిన్ నుంచి వచ్చిన కరెంటును ముందు డీసీగా మార్చి, ఆ తర్వాత మళ్లీ ఇంట్లో వచ్చేలాంటి నిలకడైన 230 వోల్టుల ఏసీ కరెంటుగా తయారు చేస్తారు. అందుకని ఇంజిన్ ఏ వేగంతో తిరిగినా బయటికొచ్చే కరెంటు మారదు. లోడు తక్కువ ఉంటే ఇంజిన్ తనంతట తానే నెమ్మదిస్తుంది. పెట్రోల్ మిగులుతుంది, చప్పుడు తగ్గుతుంది.

చప్పుడు గురించి ఒక మాట. డబ్బా మీద ఇన్ని డెసిబెల్స్ అని రాసి ఉంటే, ఎంత దూరంలో కొలిచారో కూడా చూడాలి. బయలులో దూరం రెట్టింపు అయితే చప్పుడు ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది. ఏడు మీటర్ల దగ్గర 55 అని గొప్పగా రాసుకున్న మెషీన్, ఒక్క మీటరు దూరంలో 70 దాటుతుంది. అలాగే కేవీఏ అంకెను చూసి వాట్లు అనుకోకూడదు. పవర్ ఫ్యాక్టర్ (కేవీఏలో నిజంగా వాట్లుగా అందే వంతు) 0.8 అయితే 1 కేవీఏ అంటే 800 వాట్లే. గరిష్ఠం అని పెద్ద అక్షరాల్లో రాసేది కాసేపటి మాట, గంటల తరబడి ఇచ్చేది దాని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది.

లిథియం బ్యాటరీ పెట్టెలు కూడా చూశాను. ఒక్క రాత్రి యాత్రకైతే ఇప్పటికీ వాటికే ఓటు వేస్తాను. పొగ లేదు, మోత లేదు. మూడు రాత్రులు, ఎనిమిది ఫోన్లు, మళ్లీ చార్జింగ్ పెట్టుకునే చోటు లేదు కాబట్టి వదిలేశాను.

చివరికి తొమ్మిది వందల వాట్లు ఇచ్చే ఇన్వర్టర్ జనరేటర్ తీసుకున్నాం. పదమూడు కిలోలు, రెండు లీటర్ల పైచిలుకు ట్యాంకు. యాభై వేలకు కొంచెం తక్కువైంది, మూడు కుటుంబాలు కలిసి పంచుకున్నాం. కొత్త మెషీన్ ఇంజిన్ ఆయిల్ లేకుండా వస్తుంది. పోయకుండా తాడు లాగితే లాభం లేదని పెద్దాయన రెండుసార్లు చెప్పాడు.

మంగళవారం సాయంత్రం బయలుదేరాం. అమ్మనూ పిల్లలనూ తెల్లారి ఆర్టీసీ బస్సులో రమ్మని, ట్రాలీలో సామాన్లతో మేం నలుగురమే ఎక్కాం. ములుగు ఇవతల గట్టమ్మ దగ్గర ఆగి మొక్కుకున్నాం. బావ కొబ్బరికాయ కొట్టి, ట్రాక్టర్‌కు పెట్టిన పసుపే జనరేటర్‌కూ పెట్టాడు. కెటిల్ అలక అక్కడితో తీరింది. గోవిందరావుపేట దాటి పస్రా దగ్గర నుంచి సొంత బండ్లను నార్లాపూర్ మీదుగా పంపుతారు. ఆ అడవి దారిలో బండ్ల వరుస ముందుకూ వెనక్కూ కనిపించినంత దూరం ఎర్ర లైట్లే. మేడారం చేరేసరికి తెల్లారింది.

జంపన్న వాగుకు కొంచెం ఎడంగా చోటు దొరికింది. జనరేటర్ ఎక్కడ పెట్టాలన్నది నేను బాగా పట్టించుకున్నాను. ఫిబ్రవరిలో టేకు ఆకులు రాలి నేలంతా గలగలమంటుంది, సైలెన్సర్ వేడికి అంటుకోవడం ఎంతసేపు? రెండు గజాల మేర ఆకులన్నీ ఊడ్చాను. ట్రాలీ నుంచి ఇరవై అడుగుల పైన దూరంలో, పొగ గాలివాటున అవతలికి పోయేలా పెట్టాను. అంత దూరం లాగుతున్నాం కాబట్టి సన్న వైరు కాకుండా మందం వైరు తెచ్చుకున్నాం.

బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ గద్దెకు చేరింది. ఆ రాత్రి ఎనిమిదింటికి జనరేటర్ రెండుసార్లు ఆగిపోయింది. పెట్రోల్ ఉంది, ఆయిల్ పోశాను, నాకు టెన్షన్ పట్టుకుంది. టార్చి వేసి చూస్తే నేల వాగు వైపు వాలి ఉంది. మెషీన్ ఒరిగితే లోపల ఆయిల్ ఒక పక్కకు చేరుతుంది, ఆయిల్ తక్కువైందని సెన్సార్ ఇంజిన్‌ను ఆపేస్తుంది. కింద ఒక చెక్క పలక పెట్టి సమం చేశాక మళ్లీ ఆగలేదు.

పక్కన హుజూరాబాద్ వైపు కుటుంబం దిగింది. వాళ్లదీ ట్రాలీయే. రాత్రి మంచుకు పాడవుతుందని వాళ్లు జనరేటర్‌ను ట్రాలీ కిందికి తోసి, చుట్టూ టార్పాలిన్ దించి కట్టారు. పైన ఆరుగురు పడుకున్నారు, అందులో ఇద్దరు చిన్నపిల్లలు. పది గంటలప్పుడు నేను చూసి ఉరికాను. "అన్నా, ముందు అది బంద్ చేయి" అన్నాను. ఆయన "పొగ వాసనే వస్తలేదు కదా తమ్మీ" అన్నాడు. అసలు ప్రమాదం అదే. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట అది పోయి కూర్చుంటుంది. మొదట తలనొప్పి, వికారం, మత్తు. నిద్రలో ఉన్నవాళ్లకు ఆ తలనొప్పి కూడా తెలియదు. ఇదంతా చెబుతుంటే వాళ్లావిడ లేచి, గంట నుంచి తల పగులుతోందని, దుమ్ముకనుకున్నానని అంది. అందరినీ కిందికి దింపి గాలికి కూర్చోబెట్టాం. కాసేపటికి ఆమెకు తేలికైనా, ఎందుకైనా మంచిదని మెడికల్ క్యాంపులో అందరినీ చూపించుకుని వచ్చారు. జనరేటర్‌ను మా దాని పక్కకు తెచ్చి పెట్టాం. ఆ రాత్రి నేను మూడుసార్లు లేచి వాళ్ల ట్రాలీ వైపు చూశాను.

గురువారం చిలుకలగుట్ట నుంచి సమ్మక్కను తెచ్చారు. పోలీసులు గాలిలోకి తుపాకులు పేల్చి స్వాగతం చెప్పగానే లేచిన జేజేలు మా గుడారాల దాకా వినిపించాయి. ఎదురుకోళ్లు, శివసత్తుల పూనకాలు, పసుపూ కుంకుమా కలిసిన దుమ్ము. దాని ఫలితం రాత్రి ఒంటిగంటన్నరకు అమ్మ లేచి కూర్చోవడం. ఛాతీలో పిల్లికూతలు నాకు వినిపిస్తున్నాయి. పోయి తాడు ఒక్కసారి లాగాను, అంటుకుంది. నెబ్యులైజర్ పది నిమిషాలు ఒకే తీరుగా నడిచింది. బల్బు రెప్ప కూడా వేయలేదు. అమ్మ శ్వాస దారికి వచ్చింది. పక్క ట్రాలీలో పిల్లలు నిద్రలోంచి కదలలేదు. నేను అక్కడే గడ్డి మీద కూర్చుని ఏడ్చాను.

శుక్రవారం నిలువెత్తు బంగారం తూకం వేయించి మొక్కు తీర్చుకున్నాం. పగలు మా ఎక్స్‌టెన్షన్ బోర్డు చుట్టూ ఊరూరి ఫోన్లు. ఛత్తీస్‌గఢ్ నుంచి నడిచి వచ్చిన గుంపు ఒకటి ఫోన్లు చార్జింగ్ పెట్టుకుని, మాకు దోసెడు ఎండు ఇప్పపువ్వు ఇచ్చి పోయారు. మూడు రాత్రులకూ, ఆ చార్జింగులకూ కలిపి ఆరు లీటర్ల పెట్రోల్ అయింది. నింపిన ప్రతిసారీ ఇంజిన్ ఆపి, చల్లారాకే పోశాం.

శనివారం దేవతలు వనప్రవేశం చేశాక ట్రాలీ సర్దుకున్నాం. ఇంటికొచ్చాక మిగిలిన పెట్రోల్ బైక్‌లో పోసి, కార్బురేటర్‌లో ఉన్నది అయిపోయేదాకా నడిపి ఆపాను. పెట్రోల్ అందులోనే ఉంచేస్తే నెలల్లో జిగురుకట్టి జెట్టు (పెట్రోల్ పోయే సన్న రంధ్రం) మూసుకుపోతుంది. అప్పటి నుంచి ప్రతి నెలా మొదటి ఆదివారం వాకిట్లో పెట్టి, కొంచెం పెట్రోల్ పోసి, ఫ్యాన్ తగిలించి పదిహేను నిమిషాలు నడుపుతాను. అమ్మ గడపలో కుర్చీ వేసుకుని ఆ పదిహేను నిమిషాలూ చూస్తుంది. గట్టమ్మ దగ్గర బావ పెట్టిన పసుపు బొట్టును నన్ను తుడవనివ్వదు.