ఒథెల్లోలో రుమాలు ఎట్ల పడాల?

అనంతపురం లలిత కళా పరిషత్ లాంటి హాల్లో షేక్‌స్పియర్ నాటకం ఒథెల్లో వేసేవాళ్లు ముందు రుమాలు సంగతి తేల్చుకోండి. జేబురుమాలు చివరి వరసకు ఆనదు. మూరెడు తెల్లగుడ్డ మీద ఎర్రటి స్ట్రాబెర్రీలు పెద్దగా కుట్టించండి. అంతకు మించొద్దు, మూడో అంకం మూడో రంగంలో భార్య డెస్డిమోనా తలకు కట్టబోతే అది చిన్నదనే కదా ఒథెల్లో తోసేసేది. అది కింద పడటం జనం చూడకపోతే ఆ తర్వాత ఒథెల్లోకు భార్య మీద అనుమానం పుట్టించేదానికి అతని కొలువులోని ఇయాగో దాంతో నడిపే మోసమంతా గాల్లో మాటే. ఇయాగో భార్య ఎమీలియా ఏరుకునేదాకా ఎవరూ తొక్కకూడదు కూడా!

ఇంకో పొరపాటు, ఇయాగోకు మీసం మెలేయించి దుర్యోధనుడి నవ్వు నవ్వించడం. వద్దప్పా! నాటకంలో దాదాపు అందరికీ వాడు నిజాయితీపరుడే. తన ఉపసేనాని కాసియో గురించి "నిజాయితీపరుడు కాడా?" అని ఒథెల్లో అడిగితే, "నిజాయితీపరుడా, ప్రభూ?" అని ఆ మాటనే తిరిగి అప్పజెప్తాడు. అబద్ధం ఒక్కటీ లేదు. ఆ మాటకు ముందు రెండు అంకెలు లెక్కపెట్టేంత సేపు ఆగితే చాలు. నాలుగైతే జనం నవ్వేస్తారు.