టవర్ పెత్తనం లేని ఫోన్లు

దగ్గరగా ఉన్న రెండు ఫోన్లు టవర్ దాకా వెళ్లకుండా నేరుగా మాట్లాడుకుంటే వేగం దానంతటదే వస్తుందని చాలామంది నమ్మకం. నేవీ డే నాటి సాయంత్రం ఆర్కే బీచ్ జనంలో నిలబడి, పక్కవారికి వైఫై డైరెక్ట్‌లో, అంటే రూటర్ లేకుండా రెండు ఫోన్లను నేరుగా కలిపే పద్ధతిలో, ఒక వీడియో పంపి చూడండి. ఫోన్ల మధ్య జానెడు దూరమే ఉన్నా, చుట్టూ ఉన్న హాట్‌స్పాట్లూ బ్లూటూత్ ఇయర్‌ఫోన్లూ అదే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను పంచుకుంటున్నందువల్ల, వైఫై తన వంతు కోసం ఆగి ఆగి పంపుతుంది. తెర మీది శాతం అంకె ఒకచోటే మొరాయిస్తుంది.

అసలు లెక్క దూరానిది కాదు, సిగ్నల్‌కూ రొదకూ ఉన్న నిష్పత్తిది. సమాచార సిద్ధాంతానికి పునాది వేసిన క్లాడ్ షానన్ 1948లో ఇచ్చిన సూత్రం ప్రకారం, ఇతరుల సిగ్నళ్లను కూడా రొదగానే జమకడితే, మన సిగ్నల్ ఆ రొదకు 100 రెట్లు ఉన్నప్పుడు ఒక్కో హెర్ట్జ్‌కు సెకనుకు గరిష్ఠంగా 6.66 బిట్లు పంపవచ్చు. రెండూ సమానమైతే ఒక్క బిట్టే. పవర్ పెంచితే సరిపోతుంది కదా అంటారు గానీ, అందరూ పెంచితే నిష్పత్తి ఉన్నచోటే ఉంటుంది, బ్యాటరీ మాత్రం కరిగిపోతుంది.

మొబైల్ నెట్‌వర్క్‌కు చెందిన ఫ్రీక్వెన్సీలనే ఇలా నేరుగా మాట్లాడుకునే ఫోన్ల జంటలకు మళ్లీ వాడుకోనిచ్చే పద్ధతిలో, పరిశోధకులు ఎక్కువగా ఫోన్ నుంచి టవర్‌కు వెళ్లే అప్‌లింక్‌నే ఎంచుకుంటారు. అక్కడ జంట వల్ల దెబ్బతినేది టవర్‌లోని బేస్ స్టేషన్ ఒక్కటే కాబట్టి, అది జంట పవర్‌కు హద్దు పెట్టి తనను తాను కాపాడుకోగలదు. జంటలో వినే ఫోన్‌కు మాత్రం ఆ ధీమా లేదు: టవర్‌కు దూరంగా ఉన్న మరొకరు, అదే ఫ్రీక్వెన్సీలో, దాని పక్కనే నిలబడి గరిష్ఠంగా 23 డీబీఎం (సుమారు 0.2 వాట్) పవర్‌తో మాట్లాడుతుంటే ఆ గోలలో దానికి ఏమీ వినిపించదు. అందుకే ఏ జంటకు ఎవరి ఫ్రీక్వెన్సీ ఇవ్వాలన్న పంపకమే, నా దృష్టిలో, పవర్ నియంత్రణ కన్నా ముఖ్యం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు మొబైల్ సేవలు కుప్పకూలాయి. ఎల్‌టీఈ (4జీ) ప్రమాణాల్లో రిలీజ్ 12 అనే విడత ఈ నేరు సంభాషణను తెచ్చినప్పుడు ప్రధానంగా అలాంటి అత్యవసర సేవలనే దృష్టిలో పెట్టుకుంది. టవర్ లేనిచోట పంపిణీ చేసేవారూ ఉండరు గనుక, ప్రతి ఫోనూ ముందుగా కేటాయించిన వనరుల్లోంచి (సమయం, ఫ్రీక్వెన్సీల ముక్కల్లోంచి) యాదృచ్ఛికంగా ఒకటి ఎంచుకుంటుంది. ఇద్దరు ఒకదాన్నే ఎంచుకుంటే సందేశాలు ఢీకొంటాయి. ఢీకొన్నా ఏదో ఒకటి అందుతుందని ఒకే సందేశాన్ని పలుమార్లు పంపుతారు, దానివల్ల రద్దీ ఇంకా పెరుగుతుంది. వాహనాల కోసం వచ్చిన రిలీజ్ 14లో, ముందు కొంతసేపు విని ఖాళీగా ఉన్నదాన్ని ఎంచుకునే పద్ధతిని చేర్చారు.