భీమవరం వాటాలో క్రిస్మస్: వెదురు నక్షత్రం, తాటిబెల్లం కేకు, పద్నాలుగు వందల రూపాయలు

ఈ ఏడాది సెమిస్టరు పరీక్షలు డిసెంబరులోనే పడడం వల్ల ఆగమన కాలమంతా, అంటే క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు వారాలూ, భీమవరంలోని అద్దె వాటాలోనే గడపవలసి వచ్చింది. అందువల్ల నలుగురు రూమ్మేట్లమూ తలా మూడు వందల యాభై రూపాయలు వేసుకొని, ఆ పద్నాలుగు వందలతోనే నక్షత్రం మొదలుకొని కేకు దాకా అన్నీ చేతితో చేసుకోవాలని నిశ్చయించుకున్నాము. మాలో ఇద్దరమే ఆదివారం గుడికి (చర్చికి) వెళ్ళేవాళ్ళము. మిగిలిన ఇద్దరికీ పండుగ అంటే పొరుగింటి నుంచి వచ్చే కేకు ముక్క, రాత్రిపూట వినబడే క్యారల్స్ పాటలు మాత్రమే. అయినా పనిలోకి దిగాక ఎవరి చేతికి ఏది బాగా వస్తే అది వారి బాధ్యత అయిపోయింది. వచ్చే ఏడాది ఇలాగే గదుల్లో ఉండి పండుగ చేసుకోవాలనుకునేవారికి పనికివస్తాయని కొలతలు, ఖర్చులు ఎప్పటికప్పుడు ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

నవంబరు 30, శనివారం

మొదటి కొనుగోలు వెదురు. బజారులో మడత విప్పి తగిలించే కాగితపు నక్షత్రాలు దొరుకుతున్నాయి కానీ, అవి ఒక్క సీజను కూడా పూర్తిగా నిలవవు. వెదురు చట్రమైతే కాగితం మార్చుకుంటూ ఏళ్ళ తరబడి వాడుకోవచ్చు. బుట్టలు అల్లే పెద్దాయన దగ్గర ఎండిన బద్దలు కట్టలుగా సిద్ధంగా ఉన్నా, ఆయనే వాటిని పక్కన పెట్టి, "పచ్చి బద్దే పట్టుకెళ్ళండమ్మా, ఎండిందైతే వంచేటప్పుడు ఇరిగిపోద్ది" అని చెప్పి, మా కళ్ళముందే బొంగు చీల్చి, కణుపుల దగ్గర కత్తితో నున్నగా చెక్కి ఇచ్చారు. పది పొడవు బద్దలకూ, కొన్ని పొట్టి పుల్లలకూ కలిపి నూట ఇరవై రూపాయలు అయింది.

డిసెంబరు 1, ఆగమన కాలపు మొదటి ఆదివారం

గుడి నుంచి వచ్చాక చట్రం కట్టడం మొదలుపెట్టాము. ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఊళ్ళో చాలా నక్షత్రాల్లో ఒక కొమ్ము పొడుగ్గా, ఒకటి పొట్టిగా కనబడుతుంది. ముందుగా గుర్తులు పెట్టుకుంటే ఆ వంకర రాదు. మా బద్ద పొడవు 90 సెంటీమీటర్లు, వెడల్పు సుమారు ఒక సెంటీమీటరు. అయిదు బద్దలతో అయిదు కొమ్ముల నక్షత్రం కట్టినప్పుడు, ప్రతి బద్దనూ మిగతావి రెండు చోట్ల దాటుతాయి. ఆ రెండు చోట్లూ బద్ద పొడవులో దాదాపు 38 శాతం, 62 శాతం దగ్గర పడతాయి. అంటే 90 సెంటీమీటర్ల బద్ద మీద ఏ చివర నుంచి కొలిచినా 34.4 సెంటీమీటర్ల దగ్గర ఒక గీత, 55.6 దగ్గర మరొక గీత పెట్టుకోవాలి. ఈ గీతలు కలిసేటట్లు బద్దలను చాప అల్లినట్లు ఒకటి పైనా ఒకటి కిందా వేసుకుంటూ పోతే, తాడు కట్టకముందే నక్షత్రం తనంతట తాను బిగుసుకుంటుంది. కొసలను మాత్రం పురికొసతో గట్టిగా కట్టాలి.

ఇలాంటి నక్షత్రాలు రెండు కట్టి, ఒకదాని మీద ఒకటి పెట్టి, అయిదు కొసలనూ జంటగా కలిపి కట్టేశాము. తరువాత లోపలి అయిదు కూడళ్ళ దగ్గర రెండింటి మధ్యనా 18 సెంటీమీటర్ల పుల్లలు నిలబెట్టగానే నడుమ ఉబ్బి, దీపం పట్టేంత ఖాళీ ఏర్పడింది. పచ్చి వెదురు విలువ ఇక్కడే తెలిసింది. పుల్ల దూర్చేటప్పుడు బద్ద విల్లులా వంగింది కానీ ఎక్కడా పీచు లేవలేదు.

డిసెంబరు మొదటి వారం, సాయంత్రాలు

కాగితం విషయంలో మాలో వాదన నడిచింది. గాలిపటాల కాగితం అందంగా ఉంటుంది, వెలుగును మెత్తగా వడకడుతుంది, ఉడికించిన మైదా జిగురుతో చక్కగా అంటుకుంటుంది. అయితే డెల్టాలో డిసెంబరు మంచు తక్కువది కాదు; కాలువలూ చెరువులూ వరిచేలూ చుట్టూ ఉన్న ఊళ్ళో తెల్లవారేసరికి డాబా మీద ఆరేసిన బట్టలు మళ్ళీ తడిసిపోతాయి. అందుకని బయట కట్టే పెద్ద నక్షత్రానికి ఎర్రని, పసుపుపచ్చని గాజుకాగితమే (సెల్లోఫేన్) వేసి, గాలిపటం కాగితాన్ని లోపల తగిలించే చిన్న నక్షత్రాలకు ఉంచుకున్నాము. గాజుకాగితానికి మైదా జిగురు పట్టదు కాబట్టి, ప్రతి ముక్కకూ అంచున రెండు సెంటీమీటర్లు ఎక్కువగా కత్తిరించి, ఆ అంచును బద్ద చుట్టూ తిప్పి లోపలివైపు టేపు వేయాలి.

ముక్కల లెక్క ముందే రాసుకోవడం మంచిది. ముందువైపు కొమ్ములకు అయిదు త్రికోణాలు, నడుమ పంచభుజం ఒకటి, వెనుకవైపు అంతే; ఇవి కాక ముందు బద్దకూ వెనుక బద్దకూ మధ్య పక్కగోడలుగా పది సన్నని త్రికోణాలు కావాలి. పక్కగోడలను వదిలేసేవారు ఉన్నారు కానీ, వాటి వల్లనే నక్షత్రం రోడ్డు మలుపు నుంచి చూసినా నిండుగా వెలుగుతుంది. వెనుక పంచభుజానికి ఒక్క అంచున మాత్రమే టేపు వేసి, బల్బు పెట్టడానికీ తీయడానికీ తలుపులా ఉంచాము. కాగితానికీ టేపుకూ నూట పది, హోల్డరుకూ తీగకూ నూట యాభై అయ్యాయి.

బల్బు 9 వాట్ల ఎల్‌ఈడీ. పాతకాలపు వేడి బల్బు గాజుకాగితం పక్కన ఎంతమాత్రం పెట్టకూడదు. మెట్ల మీద తీగ లాగుతుండగా ఇంటిగల పిన్నిగారు వచ్చి, "రాత్రంతా దీపం ఎలిగితే మీటరు తిరిగిపోదటే అమ్మాయ్?" అని అడిగారు. రోజుకు ఆరు గంటల చొప్పున ఇరవై అయిదు రోజులు వెలిగినా ఒకటిన్నర యూనిట్లు కూడా దాటదని కాగితం మీద లెక్క వేసి చూపించాము. ఆవిడ లెక్క చూసి, చీరలు ఆరేసే తమ పాత కప్పీ ఇచ్చి, గాలివాన వస్తే నక్షత్రాన్ని దించుకోవడానికి తాడు దానిమీదుగా వేసుకోమన్నారు. ఆ సలహా ఎంతో విలువైనది. 2023లో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది కూడా డిసెంబరు 5వ తేదీనే. ఈ నెలలో ఆకాశాన్ని నమ్మి ఏదీ శాశ్వతంగా బిగించకూడదు.

డిసెంబరు రెండవ వారం

చెట్టుకు బదులు సరుగుడు కొమ్మ. నరసాపురం దగ్గరి సముద్రతీరపు పల్లె నుంచి మా రూమ్మేటు ప్యాసింజరు రైల్లో తెచ్చింది. తడి ఇసుక నింపిన బక్కెట్టులో నాటి, రోజూ ఇసుక తడుపుతున్నాము.

ఆ కొమ్మ మీది అలంకారం గురించి మాత్రం ఇంకాస్త చెప్పాలి. 1836లో మన దేశానికి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ అనే మిషనరీలు తరువాత నరసాపురంలో పని ప్రారంభించారు. ఆ శతాబ్దంలోనే మిషనరీల ద్వారా వచ్చిన లేసు అల్లకం చుట్టుపక్కల పల్లెల్లో ఎన్నో ఇళ్ళకు జీవనాధారమైంది. మా రూమ్మేటు తల్లిగారు ఇప్పటికీ లేసు అల్లుతారు. ఆమె నేర్పిన చిన్న నక్షత్రపు నమూనాను కూతురు మాకు నేర్పింది. అరవై రూపాయల తెల్ల నూలు ఉండతో కొమ్మకు సరిపడా నక్షత్రాలు రావడమే కాక, క్రిస్మస్ ఫ్రెండ్ చీట్లలో (చీటీలో ఎవరి పేరు వస్తే వారికి రహస్యంగా కానుక ఇచ్చే ఆట) నాకు వచ్చిన పేరుకు ఒక పుస్తకపు గుర్తు కూడా తయారైంది. అల్లిన లేసు మెత్తగా వేలాడిపోకుండా, వార్చిన చిక్కటి గంజిలో ముంచి పిండి, ప్లాస్టిక్ కాగితం పరచిన అట్ట మీద కొసలకు గుండుసూదులు గుచ్చి ఎండలో ఆరబెట్టాలి. గంజి పలుచగా ఉంటే రెండవసారి ముంచవచ్చు. గుండుసూదులు తుప్పు లేనివై ఉండాలి, లేకపోతే తెల్ల నూలు మీద గోధుమరంగు చుక్క పడి ఇక పోదు.

యేసు పుట్టుకను చూపే పశువుల పాక ఒక్క సాయంత్రంలో పూర్తయింది. సార్వా కోతలు, నూర్పిళ్ళు జరుగుతున్న రోజులు కాబట్టి ఎండుగడ్డికి కొదవ లేదు. ఒక పరక కట్ట అడిగితే రైతు డబ్బు తీసుకోలేదు. బొమ్మలు కాలువగట్టు ఒండ్రుమట్టితో చేసి నీడలో ఆరనిచ్చాము.

డిసెంబరు 20, 21

పరీక్షలు అయిపోయిన వెంటనే వంట. మాకు ఓవెన్ లేదు. పాత మందపాటి అల్యూమినియం గిన్నెలో రెండు అంగుళాల ఎత్తున రాళ్ళ ఉప్పు పోసి, దానిమీద చిన్న స్టాండు పెట్టి, మూతపెట్టి పది నిమిషాలు కాచుకుంటే అదే ఓవెన్. కుక్కరు వాడేవారు గాస్కెట్టు, విజిలు తప్పనిసరిగా తీసేయాలి.

ఒక కేకుకు మైదా 250 గ్రాములు, తాటిబెల్లం 200 గ్రాములు, గుడ్లు మూడు, నూనె 120 మిల్లీలీటర్లు, బేకింగ్ పౌడరు ఒకటిన్నర చెంచా, వంటసోడా పావు చెంచా, కాస్త దాల్చినచెక్క, లవంగం, జాజికాయ పొడి. తాటిబెల్లంలో నలుసులు ఉంటాయి కనుక నాలుగు చెంచాల నీళ్ళతో కరిగించి, వడకట్టి, పూర్తిగా చల్లార్చిన తరువాతే గుడ్లలో కలపాలి. కిస్‌మిస్, టూటీఫ్రూటీ, జీడిపప్పు ముక్కలు ముందురోజు రాత్రే కమలాపండ్ల రసంలో నానబెట్టాము. కోనసీమలోని మోరి జీడిపప్పుకు పేరుపొందిన ఊరు. ఆ వైపు నుంచి వచ్చే పప్పులో బద్దల కంటే ముక్కలు ఎంతో చౌక, కేకులో వేశాక రుచిలో తేడా ఉండదు. నానిన పండ్లను వడకట్టి, పొడి మైదాలో దొర్లించి వేస్తే అడుగుకు దిగవు. బెల్లం కేకు అడుగు త్వరగా మాడుతుంది కాబట్టి గిన్నెలో కాగితం రెండు పొరలుగా వేసి, సన్నని సెగ మీద యాభై నిమిషాలు ఉంచాము. పంచదార కేకులో లేని మట్టివాసన లాంటి లోతైన తీపి దీనిలో ఉంటుంది. నాకు ఇదే ఇష్టం. రెండు కేకులకు నాలుగు వందల ఇరవై రూపాయలైంది.

గులాబీ పువ్వులనే పిండివంటకు అచ్చు అమలాపురం నుంచి, మా రూమ్మేటు అమ్మమ్మగారి ఇంటి నుంచి వచ్చింది. బియ్యప్పిండి ఒక గ్లాసు, మైదా ఒక గ్లాసు, పంచదార ముప్పావు గ్లాసు, ఒక గుడ్డు, కొద్దిగా నువ్వులు. కొబ్బరిపాలు పోస్తూ దోసెల పిండికంటే కాస్త పలుచగా కలపాలి. కిటుకంతా అచ్చు వేడిలో ఉంది. నూనెలో బాగా కాగిన అచ్చును పిండిలో ముంచగానే చుయ్యిమని చప్పుడు రావాలి, పిండి దానిచుట్టూ వెంటనే పట్టుకోవాలి. చప్పుడు రాకపోతే అచ్చు చల్లగా ఉన్నట్టు, పిండి జారిపోతుంది. అచ్చును ముప్పావు వంతు వరకే ముంచాలి. పై అంచు మునిగితే పువ్వు ఊడిరాదు. నూనెలో పెట్టి కొద్దిసేపాగి మెల్లగా కదిపితే, రేకులు అచ్చును వదిలి తేలుతాయి. నూనెతో కలిపి ఖర్చు మూడు వందల పది.

డిసెంబరు 22, ఆదివారం

మా వాటాలో సెమీ క్రిస్మస్, అంటే పండుగకు ముందే కలిసి చేసుకునే వేడుక. ధనుర్మాసం కావడంతో వాకిట్లో పిన్నిగారి ముగ్గు, గొబ్బెమ్మలు, పైన మా నక్షత్రం ఒకే చోట అమరాయి. పిన్నిగారి కుటుంబాన్నీ కింది వాటావారినీ పిలిచి, లూకా సువార్త రెండవ అధ్యాయం చదివి, కేకు కోసి పంచాము. ఆ రాత్రి గుడి యువజనుల క్యారల్స్ బృందం వస్తుందని తెలుసు కాబట్టి తొంభై రూపాయల పాలతో టీ సిద్ధం చేశాము. రెండు డబ్బాల గులాబీ పువ్వుల్లో ఒకటి వారికే ఖర్చయింది. అది బాగా ఖర్చయిందనే నా అభిప్రాయం. అలంకారానికి పెట్టిన డబ్బు మనకే కనబడుతుంది, తిండికి పెట్టినది వీధి వీధికీ వెళుతుంది.

డిసెంబరు 27, శుక్రవారం

మొత్తం ఖర్చు పన్నెండు వందల అరవై. మిగిలిన నూట నలభై 31వ తేదీ రాత్రి కొత్త ఏడాదిని ఆహ్వానించే వాచ్‌నైట్ ఆరాధన తరువాత టీ, బిస్కెట్లకు పెట్టుకున్నాము. సరుగుడు కొమ్మ కొసలు ఎర్రబారాయి, రేపు తీసేస్తాము. నక్షత్రం జనవరి మొదటి ఆదివారం దాకా ఉంటుంది. ఆ తరువాత కాగితం విప్పి, పొట్టి పుల్లలు తీసి, చట్రాన్ని మళ్ళీ బల్లపరుపుగా చేసి, పుచ్చు పట్టకుండా బద్దలకు వేపనూనె రాసి అటక మీద పెట్టాలి. వచ్చే ఏడాదికి 120 సెంటీమీటర్ల బద్దతో మరొకటి కడదామని అనుకుంటున్నాము. దానికి గీతలు 45.8, 74.2 దగ్గర పడతాయి, నడుమ పుల్లలు 24 సెంటీమీటర్లు ఉంటే సరిపోతుంది.