టర్కీ వేట లాగ్: ఈ సీజన్ అంతా నుసుములతోనే

ఏప్రిల్ మూడో వారం

అమెరికాలోని మిస్సోరీలో అడవి టర్కీ కోళ్ల వేట సీజన్ సోమవారం మొదలైంది. సెయింట్ లూయిస్‌కి పడమర వైపు, నది పల్లపు పొలాలను ఆనుకుని ఉన్న ఓక్ అడవిలో వేటకు నాకు అనుమతి ఉంది. ఈసారి వానలు దంచికొట్టాయి, నది పొలాల్లోకి వచ్చి వెళ్లింది. ఫలితం మొదటి పొద్దునే ముఖమ్మీద ముసిరింది: బఫెలో గ్నాట్లు, అంటే నల్ల ఈగలు. చూడ్డానికి మన నుసుములంతే ఉంటాయి, కాస్త గూని వీపు. కానీ ఇవి చర్మం చీరి రక్తం తాగుతాయి. చెవుల వెనక, జుట్టు మొదళ్లలో కుట్టిన చోట వారం దాకా దద్దుర్లు తగ్గవు.

దోమల్లా నిలవ నీళ్లలో కాదు, ఇవి పారే నీళ్లలో పెరుగుతాయి. అందుకే నది నిండుగా పారిన ఏడాది బెడద ఎక్కువ. రాత్రి కుట్టవు, వెలుతురు రాగానే మొదలెడతాయి. టర్కీ పుంజు చెట్టు దిగేదీ సరిగ్గా అప్పుడే! దాని చూపు ఎంత చురుకంటే, ఈగను తోలడానికి చెయ్యెత్తితే చాలు, తుపాకీ అందని దూరం నుంచే జారుకుంటుంది.

అదే వారం, సామాను

తల మీంచి మెడ దాకా వచ్చే వల తప్పనిసరి. పచ్చ, గోధుమ రంగులే వాడాలి. ఎరుపు, తెలుపు, నీలం ఒంటి మీద అసలు ఉండకూడదు, అవి పుంజు తల రంగులు, ఇంకో వేటగాడు పొరబడే ప్రమాదం ఉంది. బట్టలకి, బూట్లకి 0.5 శాతం పెర్మెత్రిన్ అనే పురుగుల మందు ముందు రోజే కొట్టి ఆరేశాను. ఇది ఒంటికి రాసుకునేది కాదు. ఇంట్లో పిల్లి ఉంటే పూర్తిగా ఆరేదాకా దగ్గరికి రానివ్వద్దు, వాటికి విషం. నిజానికి ఇది పిడుదుల కోసం, నుసుముల మీద పెద్దగా పనిచేయలేదు. పురుగుల్ని తరిమే చిన్న పరికరం థర్మసెల్‌లో ఒక బిళ్ల నాలుగు గంటలు వస్తుంది, గాలి లేని చోట బాగానే ఉంది, గాలి వీస్తే దండగ. అయితే గాలి వీస్తే నుసుములే ఉండవు కాబట్టి ఫిర్యాదు లేదు. ఇక్కడి పెద్దవాళ్లు వెనిలా ఎసెన్స్ రాసుకోమన్నారు. కాసేపు ఆగాయి, తర్వాత ఒంటి నిండా పాయసం వాసనే మిగిలింది. టర్కీలు వాసనతో మనిషిని పసిగట్టవు కాబట్టి ఇబ్బందేం లేదు.

పుంజుని రప్పించే పెట్ట కూత కోసం, చేత్తో రుద్దే చెక్కపెట్టె మానేసి, నోట్లో పెట్టుకునే డయాఫ్రమ్ కాల్‌కి మారాను. వల లోపలే పలుకుతుంది, చేతులు కదలవు. ఈ సీజన్‌లో నాకు బాగా కలిసొచ్చిన మార్పు ఇదే.

రెండో వారం

వాగు ఒడ్డున కొమ్మ మీద ఉన్న పుంజుని బైనాక్యులర్లో చాలాసేపు చూశాను. ఈకల్లేని తల, కళ్ల చుట్టూ నల్లటి చుక్కల్లా నుసుములు. ఆగకుండా తల విదిలిస్తోంది, కాలితో చెంప గోక్కుంటోంది, కూత మొదలెట్టి మధ్యలో తుంచేస్తోంది. కిందికి దిగాక నా పిలుపు వైపు కాకుండా నేరుగా గుట్ట పైకి, గాలి తగిలే గడ్డి మైదానంలోకి నడిచింది. మర్నాడు నేనూ అక్కడే కూర్చున్నాను. అక్కడ నుసుములు తక్కువ, కూతలు ఎక్కువ. వాగు పక్క చోటు ఈ ఏడాదికి వదిలేశాను.

సీజన్ చివర

పుంజు ఎగిరైనా పోగలదు, నాకు దిగులు పెట్టల గురించే. పొదుగుకు కూర్చున్న పెట్ట దాదాపు 28 రోజులు నేల మీద కదలకుండా ఉండాలి. విస్కాన్సిన్‌లోని నెసీడా అభయారణ్యంలో హూపింగ్ కొంగలు నల్ల ఈగల బాధ పడలేక గూళ్లు వదిలేసేవి. 2011, 2012లో అక్కడి నదుల్లో బీటీఐ అనే బ్యాక్టీరియా మందు వేసి ఈగలను తగ్గిస్తే గూళ్లు ఎక్కువ నిలిచాయి. టర్కీ పెట్టలకీ ఇలాంటిదే జరుగుతుంటుందని నా అనుమానం. ఈ ఈగలు టర్కీల రక్తంలోకి ల్యూకోసైటోజూన్ అనే పరాన్నజీవిని కూడా ఎక్కిస్తాయి. దోమలైతే మన ఊళ్లో కోళ్లకి వచ్చే మశూచి లాంటి బొబ్బలు తెప్పిస్తాయి. కళ్లు మూసుకుపోయిన పక్షి మేత దొరక్క చిక్కిపోతుంది. తలమీద బొబ్బలున్న పక్షి కనిపిస్తే ఫొటో తీసి కన్జర్వేషన్ డిపార్ట్‌మెంట్‌కి పంపడం మంచిది. ఎల్‌పీడీవీ అనే వైరస్ గడ్డలూ అలాగే ఉంటాయి, ల్యాబ్‌లో తప్ప తేడా తెలియదు.

అలాగని టర్కీల సంఖ్య తగ్గడానికి నుసుములే కారణమంటే ఒప్పుకోను. మిస్సోరీలో 1960లో మళ్లీ వేట తెరిచినప్పుడు 94 పుంజులే దొరికాయి. 2004లో ఆ లెక్క 60 వేలు దాటింది, ఆ తర్వాత బాగా పడిపోయింది. గుడ్లు తినే రకూన్లు, పాములు, గడ్డి మైదానాలు తగ్గడం, టర్కీ పిల్లలు తడిసి చలికి చావడం, ఇన్ని ఉన్నాయి. నుసుములను పెంచే వానే పిల్లలనూ చంపుతుంది, కాబట్టి ఏ లెక్క దేని ఖాతాలో వేయాలో తేల్చడం కష్టం. పైగా పురుగుల్లేకపోతే పిల్లలకి మొదటి వారాల్లో తిండే లేదు.

ఈసారి ఒక్క పుంజే, గుట్ట మీద దొరికింది. తొడలు నరాల మయం, కుక్కర్లో ఎనిమిది విజిల్స్ వస్తేగానీ ఉడకలేదు. జూన్‌లో ఎండ ముదిరి నుసుములు తగ్గాక, పెట్టల వెంట పిల్లలు ఎన్ని ఉన్నాయో చూడ్డానికి మైదానం అంచున, ఏదైనా కదిలితే దానంతటదే ఫొటో తీసే ట్రెయిల్ కెమెరా పెడతాను.